ఎవరి కాళ్ళైనా

పట్టుకోకుండా ఉండాల్సింది. గుడ్డ తీయగానే లోకంలో ఎవరైనా ముఖం వైపు చూస్తారు, నేను మాత్రం కాళ్ళ దగ్గర కూలబడి ఆ ఎడమ మడమను అరచేతిలోకి తీసుకున్నాను, బొటనవేలితో పాదం కింద మెల్లగా నొక్కుకుంటూ వేళ్ళ దాకా పోయాను, రోజూ పొద్దున చేసే పనే గదా, చేతులకేం తెలుసు అది అడవి కాదని, దుంగ మీద వరసగా కూర్చున్న పిల్లలు కారని, ఎల్లారెడ్డి ఆస్పత్రి వెనక శవాల గది అని. చేతులకు బుద్ధి ఉంటుందా! జిల్లా నుంచి వచ్చిన సి.ఐ. నవ్వాడు. "ఏంటి మేడమ్, కాళ్ళు పట్టుకున్నారేంటి?" అన్నాడు. నా నోటికి ఏమొచ్చిందో చూడండి: "ముండ్లేమన్న దిగినయేమో అని సార్." తౌబా తౌబా! చచ్చినవాడి కాలిలో ముల్లు వెతికిన మనిషిని ఆయన సర్వీసులో చూసి ఉండడు. చప్పున వదిలేశాను, ఆ వదిలేయడం ఇంకా పెద్ద తప్పు, తేలు కుట్టిన దొంగలాగా లేచి గోడకానుకుని నిలబడ్డాను. ఆయన నవ్వు ఆపేసి, "ముఖం పోల్చుకునేట్టు లేదు, ఒప్పుకుంటాను. కానీ మీరు ముఖం చూడనే లేదు మేడమ్. బయట కూర్చుని నిదానంగా గుర్తు చేసుకోండి. సాయంత్రం అసర్ అజాన్ అయ్యాక పంచాయితీ ట్రాక్టరొస్తుంది. ఈలోపు పేరు చెప్తే ఇంటివాళ్ళకి అప్పజెప్తాం. చెప్పకపోతే గుర్తు తెలియని శవం, వాగొడ్డున పూడ్చేస్తారు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అనేవాళ్ళంటేనే నాకు భయం.

కూర్చున్నాను. వరండా అరుగు కాలుతోంది, ఏప్రిల్ ఎండ వేపచెట్టు నీడను గోడ మొదట్లోకి తరిమేసింది, కాన్పుకు వచ్చినవాళ్ళ తాలూకు ఆడవాళ్ళు గిన్నెలు కడుక్కుంటూ నా వంక చూసి చూడనట్టు మాట్లాడుకుంటున్నారు. కానిస్టేబుల్ పోచన్న చెంబుతో నీళ్ళు తెచ్చాడు. లింగంపేట వైపు మనిషి, వారానికోసారి మా బడికి వచ్చి ఎవరొచ్చారు ఎవరు పోయారు అని అడిగి, టీ తాగి, పిల్లలతో నాలుగు నవ్వు మాటలాడి పోయేవాడు. "తాగు ఆపా, పెదవులు ఎండిపోయినయి" అన్నాడు, అక్కా అని బడి పిల్లలు నన్ను పిలిచే పిలుపే అది. తరవాత మెల్లగా, "సారు ఇప్పటికైతే మంచిగనే అడుగుతున్నడు" అన్నాడు. ఇప్పటికైతే! చెంబు పక్కన పెట్టేశాను. పోచన్నా, నీకూ తెలుసు గదా, నువ్వూ చూశావు గదా ఆ పిల్లవాణ్ణి, మా వంటింటి గడప మీద కూర్చుని నీకు టీ పోసి ఇచ్చాడు గదా. అడగలేను. అడిగితే చెప్పినట్టే. నిన్న అవతలి గుట్టల్లో టపటపలాడిన చప్పుడు మాకూ వినిపించింది, వంటమనిషి చంద్రవ్వ పెళ్ళి పటాకులు అంది, పెళ్ళిళ్ళు లేని రోజని తెలిసి కూడా అందరం అవునన్నాం. ఎదురుకాల్పులట. ఎదురుగా ఉన్నవాడు ఏం కాల్చాడో నాకు తెలియదు, వాడికి నేను నేర్పింది గాయానికి కట్టు కట్టడం ఒక్కటే.

వాడే. హన్మండ్లే. చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చునే ఉంది, పుట్టుకతో వచ్చిన వంకర అది, దానికి సరిపోయే బూటు కామారెడ్డి బజారులో ఏ దుకాణంలోనూ దొరకలేదు. వేలొక్కటే అయితే లోకంలో ఇంకొకడికి ఉండొచ్చు అనుకుని నన్ను నేను మభ్యపెట్టుకునేదాన్ని. మడమ మీద కుట్లున్నాయే! నేను వేసిన కుట్లు. గొడ్డలి జారి మడమ చీలితే, వాగులో నీళ్ళు నిండుగా ఉండి రోడ్డుకు చేరే దారి లేక, బడిలో నాతో పనిచేసే జహూర్ వాడి భుజాలు నొక్కిపట్టుకుంటే నేను సూది మరగబెట్టి కుట్టాను. చేతులు వణికి కుట్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. వాడు ఏడవలేదు, పళ్ళు బిగబట్టి, "ఆపా, నువ్వు రవికెలు కుట్టనిది మంచిదైంది" అన్నాడు. మేము ముగ్గురం నవ్వాం, రక్తం కారుతుంటే నవ్వాం. ఆ అడ్డదిడ్డం కుట్ల మచ్చ ఇందాక నా బొటనవేలి కింద గరుకుగా తగిలింది, చల్లగా తగిలింది. ఎవరి ముఖం చెక్కేసినా, ఎవరి పేరు తుడిచేసినా, నా కుట్టు నాకు తెలియకుండా పోతుందా?

మా బడికి బోర్డు మీద పెద్ద పేరే ఉంది, వనవిద్యాలయం అని బడి పెట్టిన పురుషోత్తం సార్ అందంగా రాయించాడు, జనం మాత్రం అడవిబడి అనే అంటారు. పది తప్పినవాళ్ళు, బడి ఎగ్గొట్టి గొడ్ల వెంట తిరిగేవాళ్ళు, తండ్రితో తన్నులు తిని ఇల్లు విడిచినవాళ్ళు, మీసాలు మొలుస్తున్న ఆ మొండి పిల్లలందరినీ తెచ్చి అడవిలో నడిపించేవాళ్ళం. చెట్టును చూసి నీటి జాడ పట్టడం, నిప్పు చేయడం, చేసిన నిప్పును ఆర్పి రావడం, కాలు విరిగినవాణ్ణి కర్రల మీద మోయడం, ఒక పగలంతా ఒంటరిగా చెట్టు కింద నోరు మూసుకుని కూర్చోవడం. అడవిలో తనను తాను చూసుకున్నవాడు ఊళ్ళో ఎవడికీ తల వంచడు అంటాడు సార్, మీటింగుల్లో గొంతు పెంచి మరీ అంటాడు, ఆ మాటే పోలీసులకు కంట్లో కారమైంది. నడక జహూర్ నేర్పేవాడు. మందులూ కట్లూ నావి, పాదాలు నావి. పొద్దున్నే దుంగ మీద వరసగా కూర్చుని కాళ్ళు చాపాలి, నేను ఒక్కొక్క పాదం చేతిలోకి తీసుకుని ముల్లు, బొబ్బ, పగులు చూసి సరే అంటేనే ఆ రోజు నడక. దానికి పాదాల పొద్దు అని పేరు పెట్టింది పిల్లలే. వచ్చిన కొత్తలో ప్రతివాడూ కాళ్ళు వెనక్కి లాక్కునేవాడు. హన్మండ్లయితే ఏకంగా కాళ్ళ మీదే కూర్చున్నాడు. "పంతులమ్మ నా కాళ్ళు వట్టుకుంటే నాకు పాపం తల్గుతది" అన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు వెధవ. "పాపం తల్గితే నాకు తల్గుతది గని, ముందుగల్ల కాలు చాపు! గీ అడవిల నీ కాళ్ళు నీయి గావు, బడియి" అని అరిచాను. చాపాడు. పాదం నిండా పగుళ్ళు, బురద పగుళ్ళలో గట్టిపడి ఉంది, వాడి తల్లి కౌలుకు చేసే పొలం బురద.

ఊళ్ళో ఏమనేవారో నాకు తెలుసు. అజీముద్దీన్ కూతురు వాజిదా, పెళ్ళి పెటాకులు లేకుండా అడవిలో పరాయి పిల్లల కాళ్ళు పిసుకుతోందట. మా అబ్బాకు మసీదులో ఎవరో చెవిన వేశారు కూడా. ఆయన ఇంటికొచ్చి నన్నేమీ అనలేదు, ఉమ్మెత్త ఆకు నూనె చేస్తే పగుళ్ళకు మంచిదని మాత్రం చెప్పాడు. అలాంటి మనిషి కడుపున పుట్టి ఇప్పుడు ఇక్కడ కూర్చుని అబద్ధానికి మాటలు ఏరుకుంటున్నాను.

అబద్ధం నాది కూడా కాదు, పురుషోత్తం సార్‌ది. పొద్దున జీపు వచ్చి బడి ముందు ఆగి, మీ వాళ్ళలో ఒకరు రండి, ఒక బాడీని చూడాలి అనగానే ఆయన నన్ను చాటుకు పిలిచాడు. "నువ్వు వెళ్ళు వాజిదా. ఆడమనిషివి, నిన్నేమీ అనరు" అన్నాడు. మీటింగుల్లో ఎవరికీ తలవంచని మనిషి! కళ్ళజోడు తీసి తుడిచిందే తుడుస్తున్నాడు. "ఎవరిని చూసినా తెలియదను. ఒక్కణ్ణి మనవాడంటే బడిలో అందరూ అన్నలే అయిపోతారు. బడి మిగలాలి" అన్నాడు. మండిపోయింది నాకు, అయినా ఏమనగలను, ఆయన మాటలో పిరికితనం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. పేరు చెబితే బడికి తాళం. జహూర్‌ని తీసుకుపోతారు, హన్మండ్లు రెండేళ్ళు వాడి వెనకే నీడలాగా తిరిగాడని ఈ చుట్టుపక్కల గొర్రెలకాపరులకు కూడా తెలుసు, తీసుకుపోతే మనిషి మనిషిగా తిరిగి రాడు. ఇంక ముత్తయ్య. యా అల్లా, ముత్తయ్య! హన్మండ్లు తమ్ముడు, మూతి మీద ఇంకా నూగైనా రాని పిల్లవాడు, ఇప్పుడు మా బడిలోనే ఉన్నాడు, ఈ క్షణాన జహూర్ వెంట గుట్టల మీద ఎక్కడో నడుస్తూ అన్న చచ్చాడని తెలియక పాట పాడుకుంటూ ఉంటాడు. అన్న పేరు బయటపడితే తమ్ముణ్ణి అడిగే తీరు వేరే. నన్ను అడిగినట్టు మేడమ్ అని అడగరు.

తెలియదంటే సరిపోతుంది. నాలుగు అక్షరాలు. ఈ అరుగు మీద నుంచి లేచి, గది దాకా పోయి, అనేసి, లింగంపేట బస్సెక్కితే సాయంత్రానికి బడిలో ఉంటాను. వాడు కూడా అదే కోరుకుంటాడేమో. సంక్రాంతి ముందు చలిలో ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు వంటింటి దగ్గరికి వచ్చి బియ్యం అడిగారు, చంద్రవ్వ భయపడి సంచీ ఎత్తి ఇచ్చేసింది, నేను లాంతరు పట్టుకుని బయటికి వస్తే ఇద్దరు మాట్లాడుతున్నారు, మూడోవాడు తలకు దుప్పటి చుట్టుకుని పెరడు చివర నిలబడి ఎటో చూస్తున్నాడు. నాకు మనుషుల ముఖాల కన్నా ముందు కాళ్ళు కనబడతాయి, ఏం చేయను. లాంతరు వెలుతురు తన పాదాల మీద పడిందని తెలిసి వాడు ఎడమ కాలును కుడి కాలి వెనక్కి జరుపుకున్నాడు. పిలవలేదు, పలకలేదు, ఎన్నడూ నన్ను చూడనివాడిలాగా వెళ్ళిపోయాడు. ఆ కాలికి చెప్పు కూడా లేదు. లోపలికి వచ్చి చంద్రవ్వతో ఉత్తిపుణ్యానికి పోట్లాడాను, కూరలో ఉప్పెక్కువైందని గిన్నె విసిరేశాను. ఆమె గిన్నె తీసి కడిగింది. ఆ రాత్రికి ఎవరమూ అన్నం తినలేదు.

మరి వాళ్ళ తల్లి భూదవ్వ? ఆమె సంగతేమిటి? తాడ్వాయి అవతలి పల్లె నుంచి ముత్తయ్యను చూడటానికి వస్తుంది, జొన్నరొట్టెలు, గుడ్డలో కట్టిన మిరప్పొడి తెస్తుంది, కొడుక్కు ఎన్ని తెస్తుందో నాకూ అన్ని తెస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "పెద్దోడు బొంబాయి పోయిండంటరు అందరు. నువ్వు గూడ గట్లనే అంటవా ఆపా?" అని అడిగింది. "గట్లనే విన్న అవ్వా" అన్నాను. ఆమె నా ముఖాన్ని కాసేపు చూసి తల ఊపి పోయింది. ఇప్పుడు నేను తెలియదన్నాననుకో, వాణ్ణి వాగొడ్డున మట్టిలో కప్పేస్తారు, ఆమె అక్కడ కళ్ళాల్లో వడ్లు తూర్పారబడుతూ రోడ్డు మీద ప్రతి బస్సునూ తలెత్తి చూస్తుంది. ఎన్నేళ్ళు చూస్తుందో నాకు తెలుసు. నాకన్నా ఎవరికి తెలుసు? మా ఖుద్దూస్ భాయి దుబాయికని బొంబాయిలో లాంచీ ఎక్కాడు, నేను అప్పుడు లంగావోణీలో ఉన్నాను, లాంచీ మునిగిందన్నారు, కొందరు మునగలేదన్నారు, ఒకాయన భాయిని షార్జాలో కళ్ళారా చూశానని ఒట్టేశాడు. అమ్మీ చచ్చేదాకా వీధి తలుపు గొళ్ళెం పెట్టనీయలేదు. నడిరాత్రి వస్తే పిల్లవాడు ఎవరిని లేపుతాడు అనేది. తెరిచిన తలుపులోంచి దొంగలు ఒకసారి రాగి గుండిగలు ఎత్తుకుపోయారు, ఇంకోసారి మేకను తోలుకుపోయారు, అయినా మా అమ్మీ అన్వరి బేగం తలుపు మూయలేదు. చలిలో ఆ తలుపు కొట్టుకుంటుంటే నేను ముసుగు కింద భాయిని తిట్టుకునేదాన్ని, చస్తే చచ్చానని చెప్పి చావరాదా అని, అన్నను అలా తిట్టుకున్నాను. చచ్చిన బిడ్డ కోసం తల్లి ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి ఏదో ఒకనాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. జాడ తెలియని బిడ్డ తల్లికి ఆ ఏడుపూ ఉండదు. భూదవ్వకు ఆ గతి నా చేతుల మీదుగా పట్టకూడదు. రెండో అమ్మీని తయారు చేయలేను, నా వల్ల కాదు.

చెప్పేస్తాను. చెప్పేసి ఏమవుతుందో అది కానీ. జహూర్ మొగవాడు, ముందే కబురు పంపితే గుట్టలు దాటి ఎటైనా పోతాడు, ముత్తయ్యను కూడా తీసుకుపోతాడు, అడవిలో నడవడం మేమే గదా నేర్పాం, ఎంత దూరమైనా పోతారు. కబురు ఎవరు పంపుతారు? పురుషోత్తం సారా? ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం అయిపోతే గదా! చంద్రవ్వ పోగలదు, చంద్రవ్వకు చెప్పేదెవరు, ఈ అరుగు దాటి నన్నెవరు పోనిస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముత్తయ్య పాదం చిన్నది, అరచేతిలో పూర్తిగా ఇముడుతుంది. ఆ కాళ్ళ మీద లాఠీ... వద్దు, అటు పోకు వాజిదా, అటు ఆలోచించకు. ఉన్నవాడా, పోయినవాడా? బతికున్న పిల్లవాణ్ణి చూసుకోవాలా, చచ్చినవాణ్ణి తల్లి ఒడికి చేర్చాలా? అబ్బా, నువ్వైతే ఏం చేసేవాడివి, ఉమ్మెత్త ఆకు గురించి కాకుండా నాకు ఈ ఒక్కటి చెప్పి పోయి ఉంటే బాగుండేది. బజారు మసీదులో మైకు గరగరమంది. ఇంకా అజాన్ కాదు, ఎవరో ఊది చూస్తున్నారు. చంక కింద రవిక తడిసిపోయింది. లేచాను. తల్లికి బిడ్డను దాచే హక్కు నాకెక్కడిది, చెప్పేస్తాను అనుకుని, కొంగు సర్దుకుని రెండడుగులు వేశాను. అప్పుడే గేటులోంచి జీపు వచ్చింది.

వెనక నుంచి భూదవ్వ దిగింది. వరికోతలోంచే తెచ్చినట్టున్నారు, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని ఉంది, పిక్కల మీద వరి గీరలు, జుట్టు నిండా పొట్టు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నేను చెప్పకముందే తెచ్చేశారు! కొడుకులు కనబడని తల్లులను ఊరూరా పోగుచేస్తున్నారని ఆ తరవాత పోచన్న చెప్పాడు. ఆమె దోపిన కుచ్చిళ్ళు కిందికి దింపుకుంది, కొంగు తల మీద వేసుకుంది, వరండా మెట్లెక్కింది, నా ముందు నుంచే నడిచింది. ఆమె కళ్ళు నా ముఖం మీదికి వచ్చాయి. వచ్చి, గోడ మీది నుంచి పోయినట్టు దాటిపోయాయి. 

తలుపు వేయలేదు, మాటలు బయటికి వినబడ్డాయి. ముందు గుడ్డ తీసిన చప్పుడు.  నేను ఆ గుమ్మం వైపు చూడలేక గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్ళను చూశాను, వాళ్ళ చేతులు కూడా ఆగి ఉన్నాయి. ఇప్పుడు పడుతుంది ఏడుపు, ఇప్పుడు పైకప్పు లేచిపోతుంది అని ఒళ్ళు బిగించుకున్నాను.

"వీడు నా కొడుకు గాడు సారూ."

"సరిగ్గా చూడమ్మా."

"చూసిన సారూ. మొఖం జూసిన, చేతులు జూసిన, కాళ్ళు జూసిన. నా కడుపుల వుట్టినోణ్ణి నాకు తెల్వదా? నా పెద్దోడు బొంబాయిల ఉన్నడు. వీడెవ్వడో, ఏ తల్లి గన్నదో."

గొంతు వణకలేదు. కూరగాయల బేరం కుదరక లేచిపోతున్న మనిషి గొంతులాగా ఉంది. నాకు మొదట కోపమొచ్చింది, ఒట్టు, పట్టరాని కోపం. ఇంతసేపు ఆమె కోసమే గదా కాలిపోయాను, ఆమెకు ఇవ్వడానికే గదా లేచాను, తీసుకోవమ్మా అంటే నాది కాదంటుందా! ఆ వెంటనే చిన్నవాడు ముత్తయ్య మెదిలాడు, బతికున్నవాడు. నేను అరుగు మీద ఇంతసేపు కూర్చుని తేల్చుకోలేనిదాన్ని ఈమె గుడ్డ ఎత్తినంతలో తేల్చేసింది. కన్నది గనక తేల్చేసింది. 

సి.ఐ. గుమ్మంలోకి వచ్చి నన్ను వేలితో పిలిచాడు. పోయాను. భూదవ్వ గోడవారగా నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది, ఆమె నెత్తి మీది పొట్టు కూడా నాకు కనబడేంత దగ్గర. "ఈవిడ కాదంటోంది. మీరు చెప్పండి మేడమ్. ఊరికే ఎవరి కాళ్ళూ పట్టుకోరు కదా" అన్నాడు.

"ఎవరి కాళ్ళైనా పట్టుకుంట సార్. గది నా నౌకరి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ పిల్లగాడు నాకు తెల్వదు."

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదు, నమ్మలేదని ముఖం మీదే ఉంది. "సరే. మళ్ళీ కలుద్దాం లెండి" అన్నాడు. అజాన్ మొదలైంది, నేను అలవాటుగా తల మీదికి కొంగు లాక్కున్నాను.

ట్రాక్టరు వెనక్కి వెనక్కి వచ్చి వేపచెట్టు కింద ఆగింది. ఇద్దరు మనుషులు చాపలో చుట్టి తెచ్చి ట్రాలీలో వేశారు, చాప పొట్టిది. ఇంజను ఆపలేదు, పొగ వరండా అంతా కమ్ముకుంటోంది. అప్పుడు భూదవ్వ సి.ఐ. ముందుకు వచ్చి చేతులు జోడించింది. "సారూ, దిక్కులేని పీనుగకు పిడికెడు మన్నేస్తే పున్నెమంటరు. జర ఏసి పోనా?" ఆయన ఆమె ముఖంలో ఏదో వెతికాడు, దొరకలేదు కాబోలు, కానీయ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వంగింది, వేపచెట్టు మొదట్లో మట్టి గట్టిగా ఉంటే గోళ్ళతో గీకి పిడికిట్లోకి తీసుకుంది, ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి పైకి లేచి వేసింది. ఒక్క పిడికెడే. రెండోది తీసుకోలేదు, చెయ్యి కూడా చాప మీద ఆనించలేదు. పరాయిదానికి ఎంత హక్కుందో అంతే చేసి దిగింది. నాకు కుడిచెయ్యి మన్ను కోసం గుంజింది, నేనూ వేస్తానంటే ఆయన చూపు మళ్ళీ మొదలవుతుందని రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. ట్రాక్టరు గేటు దాటి వాగు వైపు తిరిగింది. నేను చూస్తుండగానే వెళ్ళిపోయింది.

జీపులో తెచ్చినవాళ్ళు జీపులో దింపరు. బస్సుకు ఇంకా పొద్దుంది. భూదవ్వ వచ్చి అరుగు మీద, నాకు ఇంకో మనిషి కూర్చునేంత ఎడంగా కూర్చుంది. పోచన్న స్తంభానికి ఆనుకుని బీడీ వెలిగించుకున్నాడు. సి.ఐ. గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, ఎటూ పోయే తొందర లేనట్టు, మేమేమన్నా తనకు వినబడేంత దగ్గరలో. ఇద్దరు ఆడవాళ్ళు ఒక అరుగు మీద ఇంతసేపు మాట్లాడకుండా కూర్చుంటే అదే అనుమానమని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

"ఏ ఊరు బిడ్డా నీది?" అంది.

"కామారెడ్డి అవ్వా."

"పిల్లలెందరు?"

"లేరు."

"నాకిద్దరు కొడుకులు" అంది, గొంతు కొంచెం పెంచి. "చిన్నోడు సదువుకుంటున్నడు. పెద్దోడు బొంబాయిల బిల్డింగుల పనికి పోయిండు. మొగులు వట్టి వానలు వడేయాల్లకు అస్తనన్నడు."

నావైపు తిరిగి చూసింది. జవాబు కోసం చూసింది. దారిన పోయే మనిషైనా ఏదో ఒకటి అంటుంది గదా, నేను గేటు వైపు చూశాను. మా మధ్యనున్న ఎడంలోకి ఆమె చెయ్యి జరిగి, పోచన్నకు కనబడకుండా నా కొంగు అంచును పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.  ముఖం మాత్రం అలాగే ఉంది.

"అస్తడంటవా బిడ్డా?"

"అస్తడు" అన్నాను. "అస్తడవ్వా."